గీత దాకా

గాజు మీద నల్ల టేపు ముక్క ఒకటి అంటించి ఉంటుంది.
నీళ్ళు అక్కడుండాలి.
పొద్దున ఆరుకి చూస్తే
వేలి మందం కిందుంటాయి.

కొర్లగుంటలో మూడో అంతస్తు, పైన రేకులు.
ఏప్రిల్ మా ఇంట్లోకి తాళంచెవి అడక్కుండా వస్తుంది.
నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పి పెడతాను
చల్లబడాలని.
చల్లబడే కొద్దీ నీళ్ళు లేచిపోతుంటాయి.

లేచిపోయేది నీళ్ళే.
ఉప్పు పోదు.
అంచు చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి
ఇంకా ఇక్కడే ఉన్నానంటుంది.

మొదటి వేసవిలో ఈ సంగతి పట్టలేదు నాకు.
సముద్రం తగ్గితే సముద్రమే పోయాలనుకున్నాను.
బకెట్లో ఉప్పు కలిపి రోజూ గీత దాకా పోశాను.
తొమ్మిదో రోజు నత్త గాజు వదిలేసి
ఇసకలో వెల్లకిలా పడింది.
నారింజ చేపలు రెండూ రాతి వెనకనుంచి రాలేదు.
గీత దగ్గర నీళ్ళు మాత్రం
ఏ తప్పూ చేయని పిల్లాడిలా నిలబడి ఉన్నాయి.

నేను పని చేసేది డయాలసిస్ వార్డులో.
మనుషుల్ని తూకం వేసి మిషన్‌కి తగిలిస్తాను.
ఎవరికి తెలియకున్నా నాకు తెలియాల్సిన సంగతే అది.
ఇంటికొచ్చేసరికి చెప్పులతో పాటు
గుమ్మం బయట విప్పేశానేమో.

ఇప్పుడు రిఫ్రాక్టోమీటరు కొన్నాను.
రెండు చుక్కలు వేసి, మూత వాల్చి,
కిటికీ వైపు ఎత్తి ఒంటికన్నుతో చూస్తాను.
నీలం ఆగి తెలుపు మొదలయ్యే చోట
ముప్పై అయిదు.
బోరు నీళ్ళు పనికిరావు, కుళాయివీ పనికిరావు.
వార్డు మిషన్లకి వాడినట్టే ఆర్‌ఓ నీళ్ళు,
జగ్గుతో, సన్నగా, మోటారు ఎదురుగా, కలిసిపోయేట్టు.
నవంబరు వానల్లో గాలే తడిసి ఉంటుంది, అర జగ్గు చాలు.
ఒకసారి చెయ్యి అలవాటుకొద్దీ నిండుగా పోసేసింది,
రెండు రోజులు ముప్పై మూడు చూపించింది.
శ్రీకాళహస్తిలో పిన్నమ్మ కూతురి సీమంతానికి
పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేశాను.
డ్యూటీ అన్నాను.

మంగళ, గురు, శనివారాలు చెంగల్రాయులు వస్తాడు.
ఇరవై ఆరేళ్ళు చిత్తూరు బస్సులో టికెట్లు కొట్టినాయన.
"ఎట్లుండాది మ్మా నీ సముద్రం?"
"దిగిపోతాండాది అన్నా. నీది?"
"నాది ఎక్కుతాండాది."
తూకమెక్కితే మూడు కిలోల ఎనిమిది వందలు ఎక్కువ.
ఏం తిన్నావంటే
చింతకాయ తొక్కు, అని నేల చూస్తాడు.
ఉప్పు ఎక్కడుంటే నీళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి,
పాదాల్లోకి, కళ్ళ కిందికి.
ఆయనలోంచి బయటికి దారి లేదు వాటికి,
మేము వేసిన ఆ సన్నటి గొట్టం తప్ప.

ఒక ఆదివారం చూడటానికొచ్చాడు.
మూడు అంతస్తులు, మూడు చోట్ల కూర్చుని.
అప్పుడే నేను నీళ్ళు పోసే వేళ.
చేపల్ని చూస్తాడనుకున్నా,
జగ్గు వంగిన కొద్దీ జగ్గునే చూశాడు.

"దినానికి ఎంత పోస్తావు?"
"లీటరున్నర."
"నాకు డాక్టరు రాసిచ్చింది ముక్కాలు లీటరు" అని నవ్వాడు.
ఆ నవ్వులో నాలుక అంగిటికి అంటుకుని ఊడిన చప్పుడు.

లోపలికెళ్ళి సిరప్పు మూత తెచ్చాను,
పది మిల్లీలీటర్ల గీత ఉన్నది.
అయిదుసార్లు నింపి స్టీలు గ్లాసులో వంచి ఇచ్చాను.
ఒక్క గుక్కలో తాగేయలేదు.
నోట్లో పట్టుకుని, బుగ్గలు కదలకుండా,
చాలాసేపు కూర్చున్నాడు.
నత్త, ఇది కొత్తది, గాజు మీద పాకుతూ
టేపు దాకా వచ్చి
మీసాలు బయట పెట్టి చూసి
మళ్ళీ కిందికి తిరిగింది.

"ఇంకొంచెం..." అన్నాడు.
గ్లాసు చూసి అన్నాడో తొట్టి చూసి అన్నాడో
నేను తలెత్తలేదు.
తుడిచిన రిఫ్రాక్టోమీటరునే
మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాను.